వెనకెవరున్నర్రా?

షట్టర్ సగానికి దించేశారు. లోపల ఒకటే ట్యూబ్‌లైటు, గోడకు ఒకటే టీవీ. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో ఉన్న ఆ కేరళ బేకరీని మామూలుగా ఈపాటికి కట్టేస్తారు. ఆ రాత్రి పది దాటినా ఎవరూ కదల్లేదు. 2022 మార్చి 20, ఆదివారం. ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి లేదు. ఎగ్ పఫ్ వాసన, చెమట వాసన, అడుగంటిన టీ వాసన కలిసి గదిలో గడ్డకట్టాయి. పక్క హాస్టళ్ళలో ఉండే మలయాళీ నర్సులు, వాళ్ళ అన్నదమ్ములు, కౌంటర్ వెనక బేకరీ చేట్టన్, అందరూ కేరళ వైపే. హైదరాబాద్ వైపు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకతను పళ్ళ మధ్య పెన్సిల్ పెట్టి కొరుకుతున్నాడు. అది విరిగేలా ఉంది.

అతన్ని సందులో అందరూ జిరాక్స్ అన్న అంటారు. ఇల్లు ఎల్బీ నగర్‌లో, షాపు ఇక్కడ. పక్కన ఎస్సై పరీక్షకు చదువుతున్న కుర్రాడు. వెనక కుర్చీలో డ్రిల్ సార్, రిటైరైన పీఈటీ. మెడలో ఇప్పటికీ విజిల్ తాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

టీవీలో గోవా ఫతోర్దా స్టేడియం, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్. స్టాండ్స్ నిండా పసుపు రంగు. అది కేరళ అభిమానుల రంగు. కానీ మైదానంలో పసుపు చొక్కాలు హైదరాబాద్‌వి. లీగ్ పట్టికలో పైన నిలిచిన జట్టుకే ఆ హక్కు దక్కింది, కేరళ బ్లాస్టర్స్ నల్ల చొక్కాల్లో దిగింది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టిన గోల్‌కు ఈ గది అదిరిపోయింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లోనే అందుకుని బాదిన బంతికి ఇదే గది మూగబోయింది. 1-1. అదనపు అరగంటలో ఏమీ తేలలేదు. ఇక మిగిలింది పెనాల్టీలు.

కేరళ మొదటి షాట్ లెస్కోవిచ్‌ది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపేశాడు. హైదరాబాద్ కెప్టెన్ జోవావ్ విక్టర్ కొట్టాడు. కేరళ రెండోది నిషు కుమార్. కట్టిమణి మళ్ళీ దూకాడు, మళ్ళీ ఆపాడు. కుర్రాడు బల్ల మీద గుద్దిన గుద్దుకు టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి. సరిగ్గా అప్పుడే రిఫరీ చెయ్యెత్తాడు.

"ఏమైందన్నా?"

"గీత దాటి ముందుకొచ్చిండంట. మళ్ళ కొట్టాల్నంట."

బేకరీలో కేక. చేట్టన్ రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. జిరాక్స్ అన్న నోట్లో పెన్సిల్ పటుక్కున విరిగింది.

*

ఆ పెన్సిల్‌కు ఒక కథ ఉంది. షాపులో గల్లా పెట్టె కింద రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. సీజన్‌కో పేజీ. నాలుగు గడులు: పేరు, స్థానం, వయసు, ఒప్పందం ఎప్పటిదాకా. పేపర్లో చదివింది, టీవీలో విన్నది అన్నీ అందులోకే. 2019లో పుణె జట్టు పోయి ఆ చోట హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు మొదటి పేజీ పెన్నుతో రాశాడు. ఆ ఏడు జట్టు పది పాయింట్లతో ఆఖరున నిలిచింది. మరుసటి ఏడుకు సగానికి సగం పేర్లు మారిపోయాయి. పేజీ అంతా కొట్టివేతలే. అప్పటి నుంచి పెన్సిలే. రబ్బరు కూడా దారం కట్టి పుస్తకానికే వేలాడదీశాడు. అది ఎంత అరిగిపోతుందో అప్పటికి అతనికి తెలీదు.

*

నిషు కుమార్ మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు. కట్టిమణి ఈసారి గీత మీదే నిలబడ్డాడు. కదల్లేదు. కదల్లేదు. కొట్టిన క్షణంలో కదిలాడు.

ఆపాడు.

సివేరియో బంతిని బారు మీదుగా పైకి కొట్టేశాడు, ఆయుష్ అధికారి కేరళకు ఒకటి తెచ్చాడు, ఖాసా కమారా హైదరాబాద్‌కు రెండోది చేశాడు, జీక్సన్ సింగ్ షాట్‌ను కూడా కట్టిమణి అడ్డుకున్నాడు, హాలిచరణ్ నార్జరీ బంతి పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్క ఊపున లోపలికి పంపేసరికి ఆ ఇరుకు గదిలో ముగ్గురు మనుషులు అరిచిన అరుపుకు పై అంతస్తు హాస్టల్ కిటికీలు తెరుచుకున్నాయి. 3-1. హైదరాబాద్ ఐఎస్‌ఎల్ విజేత.

చేట్టన్ కళ్ళు తుడుచుకున్నాడు. 2014, 2016, ఇప్పుడు ఇది. మూడో ఫైనలూ పోయింది. అయినా అద్దాల అరలోంచి దిల్‌పసంద్ తీసి కోశాడు. "మీ గోలీ మనిషి కాదు అన్నా," అన్నాడు.

ఆ రాత్రి బైకు మీద ముగ్గురు. చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్బీ నగర్ చౌరస్తా. కుర్రాడు పసుపు తువ్వాలు ఊపుతూ గొంతు చించుకున్నాడు. విజయవాడ బస్సు కోసం నిలబడ్డ జనం వింతగా చూశారు. ఒకాయన దగ్గరికొచ్చి అడిగాడు. "క్రికెట్ మ్యాచా తమ్మీ? ఎవరు గెలిచిన్రు?"

జిరాక్స్ అన్న జవాబు చెప్పబోయాడు. గొంతు పూడుకుపోయింది. ఇంటికెళ్ళాక నోట్‌బుక్ తీసి, పెన్సిల్ పేరు మీదే పెన్ను పెట్టి ఒత్తి దిద్దాడు: కట్టిమణి. ఆ పక్కన కుడి వైపు ఆశిష్ రాయ్, ఎడమ వైపు ఆకాశ్ మిశ్రా, మధ్యలో చింగ్లెన్‌సనా, హువానన్. వాళ్ళ పేర్లు కూడా పెన్నుతో దిద్దుదామనుకున్నాడు. ఎందుకో చెయ్యి ఆగింది.

*

మూడు నెలలు. తొలకరి వాన షాపు రేకుల మీద టపటపా కొడుతోంది. కరెంటు పోయింది. ఫోన్ వెలుగులో వార్త చదివాడు: ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు.

"దొంగలు," అన్నాడు. "కప్పు ఇంకా తడి ఆరలే. అప్పుడే ఎత్తుకపోయిన్రు."

డ్రిల్ సార్ గొడుగు మడిచి లోపలికొచ్చాడు. "ఎవడ్రా దొంగ? ఉన్నన్నాళ్ళు పానం పెట్టి ఆడిండు. కప్పు ఇచ్చి పోయిండు. ఇంకేం కావాలె నీకు?"

"డిఫెన్సే గద సార్ మన బలం! కుడి పక్క ఖాళీ అయింది."

వాదన ఉత్తదేం కాదు. కప్పు గెలిచిన సీజన్ నుంచే ఐఎస్‌ఎల్‌లో మైదానంలో ఒకేసారి విదేశీయులు నలుగురికి మించి ఉండకూడదన్న నియమం వచ్చింది. ఆ నాలుగూ సాధారణంగా ముందు వరసకో నడుమకో ఖర్చయిపోతాయి. 2021-22లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ గెలిచిన ఓగ్బెచే లాంటి వాళ్ళకు. కాబట్టి పరిగెత్తి పైకి వెళ్ళి, మళ్ళీ పరిగెత్తి వెనక్కి రాగల దేశీ ఫుల్‌బ్యాక్ బంగారం. కోచ్ మనోలో మార్కెజ్ అలాంటి కుర్రాళ్ళను ఇద్దర్ని తయారు చేశాడు. ఒకడు వెళ్ళిపోయాడు.

సార్ మాట్లాడలేదు. తాగేసిన టీ గ్లాసులు నాలుగు కౌంటర్ మీద వరసగా పెట్టాడు. ముందు ఒక స్టాప్లర్.

"నాలుగు గ్లాసులు మన డిఫెన్స్. గీ స్టాప్లర్ జోవావ్ విక్టర్. చూడు." కుడివైపు గ్లాసును సర్రున ముందుకు నెట్టాడు. "ఆశిష్ పైకి పోయిండు. ఇప్పుడు వెనకెవరున్నర్రా?"

జిరాక్స్ అన్న ఆ ఖాళీ వైపు చూశాడు. సార్ పక్క గ్లాసును కుడికి జరిపాడు, స్టాప్లర్‌ను వెనక్కి లాగి నడుమ ఖాళీలో దించాడు. మళ్ళీ నాలుగూ వరసకొచ్చాయి.

"పోయినోనిది తప్పు కాదు బిడ్డా. పైకి పోవుడే వాని పని. వాని జాగ నింపకపోతే తప్పు. గ్రౌండుల ఇదే, ఆఫీసుల ఇదే."

వాన కాస్త తగ్గింది. సార్ గొంతు కూడా తగ్గింది. రహీం సాబ్ మాట ఎత్తాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ స్కూల్ మాస్టరు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో రోవర్స్ కప్పు ఎత్తించిన కోచ్. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. జట్టులో గట్టి డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయం, కుట్లు. ఇంకొకరైతే బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. రహీం సాబ్ అతన్ని తీసుకెళ్ళి ముందు వరసలో నిలబెట్టాడు. ఆ కుట్లతోనే జర్నైల్ గోల్ కొట్టాడు. 2-1. బంగారం.

"ఉన్నోళ్ళతోని ఎట్ల ఆడాల్నో తెలిసినోడే కోచ్," అన్నాడు సార్. "ఆ టీముల మన అమ్ముగూడ పిలగాడు తులసీదాస్ బలరాం ఉండె. పేరొచ్చింది ఈడ. ఆడింది కలకత్తాల, ఈస్ట్ బెంగాల్‌కు. అప్పుడు గూడ పోయిన్రు. అప్పుడు గూడ మనోళ్ళు ఏడ్చిన్రు. కానీ పోయినోని యెనక ఇంకో పిలగాడు వస్తుండె."

"ఇప్పుడు రాకపోతే సార్?"

సార్ గొడుగు విప్పాడు. జవాబు చెప్పకుండానే వానలోకి నడిచాడు.

*

మరుసటి సీజన్ ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే అనిపించింది. వింగ్‌లో ఆడే నిఖిల్ పూజారి కుడి డిఫెన్స్‌లోకి దిగాడు. హువానన్ చోటుకు ఒడేయి ఒనైండియా వచ్చాడు. రెండేళ్ళు కరోనా వల్ల మ్యాచులన్నీ గోవాకే పరిమితమయ్యాయి. ఇప్పుడు గచ్చిబౌలి గేట్లు తెరుచుకున్నాయి. జిరాక్స్ అన్న ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కుర్రాడు, సార్ ఎక్కేవాళ్ళు. అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలో దిగి, ఆటో బేరమాడి, నగరానికి ఈ చివర నుంచి ఆ చివరకు. ఇరవై మ్యాచుల్లో జట్టు ఇచ్చిన గోల్స్ 16. ఆ ఏడు లీగ్‌లో అంత తక్కువ ఇంకెవరూ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 16న బలరాం కన్నుమూశాడన్న కబురొచ్చింది. అమ్ముగూడలో కాదు, బెంగాల్లో. సార్ ఆ రోజంతా విజిల్ తాడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

2023 మార్చి 9. సెమీఫైనల్ మొదటి అంకం. ఎదురుగా మోహన్ బగాన్. ఆశిష్ రాయ్ వెళ్ళిన జట్టు. ఫ్లడ్‌లైట్ల కింద గడ్డి తడిగా మెరుస్తోంది. 0-0. నాలుగు రోజుల తర్వాత కోల్‌కతాలోనూ 0-0. అదనపు సమయంతో కలిపి 210 నిమిషాలు హైదరాబాద్ గోడకు బీట పడలేదు. పెనాల్టీల్లో 3-4 తేడాతో ఓడింది.

"గోడ బాగుంది సార్. వచ్చే ఏడు కొడతం," అన్నాడు జిరాక్స్ అన్న.

ఆ గోడకు వచ్చే ఏడు లేదు.

*

2023 ఎండాకాలం ఫోన్ మోగినప్పుడల్లా ఒక పేరు రాలింది. మనోలో మార్కెజ్ గోవాకు. ఆకాశ్ మిశ్రా ముంబైకి. బోర్హా, సివేరియో ఈస్ట్ బెంగాల్‌కు. కప్పు గెలిపించిన ఆఖరి పెనాల్టీ కొట్టిన నార్జరీ బెంగళూరుకు. ఓగ్బెచే కూడా వెళ్ళాడు. జిరాక్స్ అన్న రబ్బరు తీసుకుని ఒక్కొక్క గడీ తుడిచాడు. తుడిచిన చోట రాయడానికి పేరు లేదు.

ఒప్పందం ముగిసినవాడు స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. ఆ హక్కు ఊరికే రాలేదు. బోస్మన్ అనే బెల్జియం ఆటగాణ్ణి గడువు తీరినా క్లబ్బు వదల్లేదు, అతను కోర్టుకెక్కాడు, 1995 డిసెంబర్ 15న యూరప్ న్యాయస్థానం ఆటగాడి వైపు తీర్పు చెప్పింది. గడువుకు ఆరు నెలల ముందే వేరే క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. రెండు నెలల జీతం ఆగిపోతే, పదిహేను రోజుల నోటీసిచ్చి ఒప్పందం తెంచుకోవచ్చు. ఇవి ఫిఫా నియమాలు.

రెండు నెలల జీతం. ఆ మాట దగ్గర జిరాక్స్ అన్న వేలు ఆగిపోయింది.

2024 జనవరి. తెల్లారి మంచు. మెట్రో స్తంభాలు సగం దాకానే కనిపిస్తున్నాయి. జీతాల బకాయిల మాట అప్పటికే దేశమంతా పాకింది. ఫిఫా నిషేధంతో కొత్తవాళ్ళను నమోదు చేసుకునే దారి మూసుకుపోయింది. ఉన్నవాళ్ళు వెళ్తున్నారు, కొత్తవాళ్ళు రాలేరు. నిఖిల్ పూజారి వెళ్ళాడు. మహ్మద్ యాసిర్ వెళ్ళాడు. విదేశీయుల్లో దాదాపు అందరూ వెళ్ళారు.

సాయంత్రం ఇంకో పేరు. చింగ్లెన్‌సనా, బెంగళూరుకు.

"సనా గూడనా!" నోట్‌బుక్ విసిరికొట్టాడు. "ఇంత తిప్పల్ల ఇడిచిపోతాడా సార్?"

సార్ వంగి పుస్తకం తీశాడు. దుమ్ము దులిపాడు. "పోయిన మే నెల మణిపూర్ల వాని ఇల్లు కాలిపోయింది. ఆ టైముకు వాడు మన టీము కోసం కోజికోడ్‌ల మ్యాచు ఆడుతుండె. ఇల్లు మళ్ళ కట్టుకోవాలె గద బిడ్డా."

జిరాక్స్ అన్న తల దించుకున్నాడు. బయట కోచింగ్ సెంటర్ గంట మోగింది. వందల మంది పిల్లలు సందులోకి వచ్చి పడ్డారు.

"డిఫెన్స్ గోల్‌పోస్టు కాడ మొదలైతదనుకుంటవు నువ్వు," సార్ మెల్లగా అన్నాడు. "కాదు. జీతాల రిజిస్టర్ కాడ మొదలైతది. ఒకటో తారీకు పైసలు పడితే ఆ నలుగురు గీత మీద నిలబడతరు. పడకపోతే ఏ కోచ్ ఆపలేడు."

జిరాక్స్ అన్న సనా పేరు తుడిచాడు. ఎన్నోసారి తుడవడమో ఆ చోట. కాయితం చిరిగింది. ఆ చిరుగులోంచి వెనక పేజీ కనిపించింది. 2022 పేజీ. పెన్నుతో దిద్దిన ఒకే ఒక్క పేరు.

*

మిగిలింది పిల్లలు. కోచ్ తాంగ్‌బోయి సింగ్టో వాళ్ళతోనే వారం వారం దిగాడు. ఓటమి. డ్రా. ఓటమి. ఓటమి. బేకరీలో చేట్టన్ హైదరాబాద్ మ్యాచ్ రోజున చానల్ మార్చమని ఎవరడిగినా మార్చేవాడు కాదు.

మార్చిలో చెన్నై. టీవీ ముందు జిరాక్స్ అన్న ఒక్కడే. ఎస్సై ఉద్యోగం వచ్చి కుర్రాడు వెళ్ళిపోయాడు, సార్‌కు జ్వరం. పిల్లలు ఒక గోల్ కొట్టారు. ఇక కాచుకోవాలి. బంతి వస్తోంది, తలతో కొడుతున్నారు, మళ్ళీ వస్తోంది, కాలు అడ్డం పెడుతున్నారు, ఒకడు పడితే ఇంకొకడు లేచి నిలబడుతున్నాడు, గడియారం మాత్రం జరగడం లేదు, జిరాక్స్ అన్న కుర్చీలోంచి లేచి ఎవరూ లేని గదిలో టీవీకి దగ్గరగా వెళ్ళి రెండు చేతులూ అడ్డం చాపి నిలబడ్డాడు, తనే ఐదో డిఫెండర్ అయినట్టు. విజిల్. 1-0. సీజన్ మొత్తంలో మొదటి గెలుపు.

అదే చివరిదీ. 22 మ్యాచులు, ఒక్క విజయం, 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. ఒకప్పుడు సీజన్‌కు 16 గోల్స్ ఇచ్చిన గోడ ఈసారి 43 ఇచ్చింది. అయినా ఆ రాత్రి చేట్టన్ దిల్‌పసంద్ కోశాడు. ఈసారి కళ్ళు తుడుచుకున్నది జిరాక్స్ అన్న.

*

యజమానులు మారారు. ఇంకో సీజన్ గడిచింది, చివరి నుంచి రెండో స్థానం. 2025 అక్టోబర్. షాపులో జిరాక్స్ మిషన్ వేడికి గది ఉడుకుతోంది. హాల్ టికెట్ల కోసం పిల్లల వరస. ఫోన్ మోగింది.

ఈసారి ఆటగాడు కాదు. జట్టే. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోతోంది. కొత్త పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

మిషన్ కాయితాలు కక్కుతూనే ఉంది. అతను దాన్ని ఆపలేదు. "అన్నా, నాకు రెండు కాపీలు చాలు," అంది ఓ అమ్మాయి. అప్పటికి ఇరవై వచ్చాయి.

రాత్రి బేకరీలో చేట్టన్ టీ పెట్టాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కౌంటర్ కింద నుంచి కేరళ బ్లాస్టర్స్ మఫ్లర్ తీసి ముందు పెట్టాడు. "నీకిప్పుడు టీం లేదు అన్నా. మా దాంట్లోకి రా. పసుపే కదా."

నగరంలో ఇంకో జట్టు ఉంది, అజీజ్‌నగర్ వైపు శ్రీనిధి డెక్కన్. ఐ-లీగ్‌లో 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానం. అతనికి తెలుసు. ఎవరి వెంటైనా వెళ్ళొచ్చు. ఒప్పందం ముగిసింది. జీవితంలో మొదటిసారి అభిమానే విడుదలయ్యాడు. మఫ్లర్ మెత్తగా ఉంది. వేళ్ళతో తడిమాడు. మడిచి, చేట్టన్ చేతిలో పెట్టాడు.

"రేప్పొద్దున సార్ రమ్మన్నడు," అన్నాడు. ఎందుకో అతనికీ తెలీదు.

*

ఆదివారం, ఆరు గంటలు. సరూర్‌నగర్ వైపు ఓ మట్టి మైదానం. చెరువు మీది నుంచి చల్లగాలి. క్రికెట్ జట్లు ఇంకా రాలేదు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు, కొందరికి బూట్లు, కొందరికి ఉత్త కాళ్ళు. మధ్యలో డ్రిల్ సార్, మెడలో విజిల్.

"నోట్‌బుక్ తెచ్చినవా? పేర్లు రాయి."

కొత్త పేజీ తిప్పాడు. ఒక్కొక్క పిల్లాణ్ణి అడిగి పేరు, స్థానం, వయసు. జేబులోంచి తీసింది పెన్ను. సార్ చూశాడు.

"పెన్సిల్‌తోని రాయి."

"వీళ్ళు మనోళ్ళు సార్. ఏడికి పోరు."

"పోవాలె!" సార్ గొంతు మైదానం అంతా వినిపించింది. "ఆట వచ్చినోడు పోవాలె. కలకత్తా పోనీ, బెంగళూరు పోనీ. మంచి జీతం తీసుకోనీ. మనం చూస్కోవాల్సింది గ్రౌండు. గ్రౌండు ఉంటే ఇంకొకడు వస్తడు."

జిరాక్స్ అన్న కదల్లేదు. నాలుగో గడి, ఒప్పందం ఎప్పటిదాకా. అక్కడ ఏం రాయాలో తోచలేదు. ఖాళీగా వదిలేసి పెన్సిల్ తీశాడు.

విజిల్ మోగింది. దుమ్ము లేచింది. ఉత్త కాళ్ళ పిల్లాడొకడు కుడి చివర నుంచి బంతితో దూసుకుపోయాడు. గీత దాటి, మైదానం సగం దాటి, ఆగమన్నా ఆగకుండా. వెనక అతని జాగా నోరు తెరుచుకుంది. ఎదుటి జట్టు బంతి లాక్కుంది. ఒక్క పొడుగు పాస్, నేరుగా ఆ ఖాళీలోకి.

"వెనకెవరున్నర్రా?"

అరిచింది సార్ కాదు. జిరాక్స్ అన్న.

నడుమ నిలబడ్డ ఓ బక్క పిల్లాడు ఆ కేక వినక ముందే కదిలాడు. వెనక్కి, అడ్డంగా, మట్టి చిమ్ముతూ. బంతి కన్నా ముందు ఆ జాగాకు చేరాడు.